గోలీ ఎక్కడుంది?

శాలీ తన గోలీని బుట్టలో పెట్టి బయటికి వెళ్తుంది. అదను చూసి ఆన్ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. తిరిగొచ్చిన శాలీ ఎక్కడ వెతుకుతుంది? 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఉటా ఫ్రిత్ లండన్‌లో రెండు బొమ్మలతో ఈ ఘట్టం ఆడించి చూపితే, ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెనే చూపించారు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో వీళ్లు ఊహించలేరన్న మాట దాంతో స్థిరపడింది. లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ 1979లోనే ఈ పిల్లల లోపాల జాబితాలో ఊహాశక్తినీ చేర్చారు. ఆ లెక్కన వీళ్లకు నాటకంతో చికిత్స అంటే ఇసుకలోంచి తైలం తీయబూనడమే.

అయితే ఆ పరీక్షలో నాటకం ఆడించింది పెద్దవాళ్లు. పిల్లలు ప్రేక్షకులు మాత్రమే. ఇంగ్లండ్‌లో పిల్లల నాటకానికి దారి వేసిన పీటర్ స్లేడ్ 1954 నాటి పుస్తకంలో ఆటను రెండుగా చూశాడు: ఒళ్లంతా కదిలి ఆడేది ఒకటి, కూర్చున్నచోటే మనసును వస్తువుల్లోకి పంపి ఆడేది రెండోది. అలా చూస్తే బొమ్మకార్లను వరస పేర్చుకునే పిల్లాడు నాటకానికి వెలుపల లేడు (ఈ అన్వయం నాదే). 1988లో విక్కీ లూయిస్, జిల్ బౌచర్ పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. తమంతట తాము ఊహల ఆట పెద్దగా ఆడని పిల్లలు, అడిగితే, అందిస్తే మిగతావాళ్లకు తీసిపోలేదు. కొరవడింది ఊహ కాదు, అందింపు. ఎవరు ఎవరో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ముందే తెలిసే నాటకం ఇచ్చేది సరిగ్గా అదే.

నాటక చికిత్సకు రుజువులు చాలవనే ఆక్షేపణ న్యాయమైనదే. అమెరికాలో బ్లైత్ కార్బెట్ బృందం 2016లో ప్రకటించిన నాటక ప్రయోగం మంచి ఫలితాలే చూపినా, పాల్గొన్నది 30 మంది. అదీ రంగస్థల శిక్షణే తప్ప అచ్చంగా చికిత్స కాదు. కళ్లలోకి చూడు, నవ్వు అని తర్ఫీదిస్తే పిల్లలకు ముసుగు తొడగడమేనన్న రెండో ఆక్షేపణ మరింత బరువైనది. ఆటిజం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య అపార్థం ఇరువైపులా ఉంటుందని 2012లో వాదించిన డేమియన్ మిల్టన్ స్వయంగా ఆటిజం ఉన్న సామాజిక శాస్త్రవేత్త. ఆయన మాట ఒప్పుకుంటే మారాల్సింది నాటకం ఆడించే పద్ధతి. కెంట్ విశ్వవిద్యాలయం ఆ రోజుల్లోనే ప్రత్యేక పాఠశాలల్లో గుడారం లాంటి గది వేసి, అందులో అడవిని, సముద్రగర్భాన్ని, అంతరిక్షాన్ని అమర్చింది. నటులు పిల్లల్ని తమ కథలోకి లాగలేదు. పిల్లలు ఏది ముట్టుకుంటే, ఎటు కదిలితే, ఆటను అటే నడిపారు.