ఇన్‌స్టలేషన్ ప్యాకేజీల తయారీ సాధనాల్లో అభిరుచుల అమరిక

ఒక ప్రోగ్రామునూ, దానికి కావలసిన ఫైళ్లనూ, అవి కంప్యూటర్‌లో ఎక్కడ చేరాలో తెలిపే సూచనలనూ ఒక్కటిగా కట్టి ఇచ్చే ఫైలును ఇన్‌స్టలేషన్ ప్యాకేజీ అంటారు. దాన్ని తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాల అభిరుచులు, అంటే వ్యక్తులు ఎంచుకునే సెట్టింగులు, ఎదురవుతాయి: ప్యాకేజీ కట్టేవారి పేరు, ఈమెయిలు, డిజిటల్ సంతకం వంటివి మొదటి రకం, వాడుకరి కోరుకునే భాష, కీబోర్డు, సమయ మండలం వంటివి రెండో రకం. మొదటివి ప్యాకేజీ లోపలి సరుకును మార్చకుండా, రెండోవి చెక్కుచెదరకుండా చూడటమే ఈ సాధనాల చరిత్రలో అసలైన సాధన.

1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ ప్రకటించిన డెబియన్ అనే లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ వ్యవస్థలో, డీపీకేజీ అనే సాధనంతో ప్యాకేజీలను పెట్టేటప్పుడు, ప్రశ్నలు స్థాపన స్క్రిప్టులోనే ఇమిడి ఉండేవి. అందువల్ల పని మధ్యలో ఆగి జవాబు కోసం ఎదురుచూసేది, ఆ ప్రశ్నలను వేరే భాషలోకి మార్చాలంటే ప్రోగ్రామునే తాకవలసి వచ్చేది. జోయీ హెస్ 1999 ప్రాంతంలో రూపొందించిన డెబ్‌కాన్ఫ్ ఈ చిక్కును విప్పింది. ప్రశ్నలన్నీ టెంప్లేట్ అనే విడి ఫైలులోకి చేరాయి. ప్రతి ప్రశ్నకూ అల్పం, మధ్యమం, అధికం, అత్యవసరం అనే నాలుగు ప్రాధాన్యాల్లో ఒకటి దక్కింది. ఏ స్థాయికి తక్కువైన ప్రశ్నలు తనను అడగనక్కరలేదో వాడుకరే నిర్ణయించుకోగలిగాడు. జవాబులను ముందే ఒక ఫైలులో రాసి ఇచ్చే ప్రీసీడ్ పద్ధతి కూడా దీని మీద నిలిచినదే కాబట్టి, ఒక ప్రయోగశాలలోని కంప్యూటర్లన్నిటికీ ఒకే అమరికను ఒక్కసారి రాస్తే సరిపోతుంది. వాడుకరి చేత్తో మార్చిన సెట్టింగుల ఫైలును కొత్త వెర్షన్ వచ్చినప్పుడు చెరిపివేయరాదన్నది డెబియన్ విధానంలోనే ఉన్న నియమం.

కట్టేవారి వైపు సమస్య ఆలస్యంగా బయటపడింది. తయారుచేసిన యంత్రపు గడియారం, సమయ మండలం, భాష ప్యాకేజీలోకి తెలియకుండానే చొరబడటంతో, ఒకే మూలకోడు తెలంగాణలోని గద్వాలలో ఒకలా, బెర్లిన్‌లో మరొకలా తయారయ్యే అవకాశం ఉండేది. అప్పుడు ఫైలును ఎవరైనా మధ్యలో మార్చారా అన్నది సరిపోల్చి తేల్చుకోవడం కష్టం. 2013లో డెబియన్‌లో మొదలైన పునరుత్పాదక నిర్మాణాల ఉద్యమం, ఎక్కడ కట్టినా బిట్టు బిట్టూ ఒకటే రావాలని పట్టుబట్టి, యంత్రపు తేదీకి బదులు ముందే నిర్ణయించిన తేదీని వాడే సోర్స్ డేట్ ఎపాక్ అనే ఏర్పాటును తెచ్చింది.

ఇక వాడుకరి వైపు చూస్తే, తెలుగుకు చోటు దొరికింది 2011 ఫిబ్రవరి 6న వెలువడిన డెబియన్ 6.0 స్థాపన సాధనంలో. అది 70 భాషల్లో పనిచేసినా, తెలుగు మాత్రం బొమ్మల తెరతో నడిచే రూపంలోనే లభించింది. ఎందుకంటే లినక్స్ అక్షర తెర ఒకేసారి 512 అక్షరాకృతులకు మించి చూపలేదు, ఒత్తులనూ గుణింతాలనూ కూర్చలేదు. తెలుగును ఎంచుకున్నవారికి భాషనూ దేశాన్నీ కలిపి చెప్పే లొకేల్ అమరుతుంది. అందులో జిల్లాకు గానీ రాష్ట్రానికి గానీ చోటు లేదు కనుక, 2014లో తెలంగాణ ఏర్పడినా, 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడివడినా, ఆ ఊళ్ల కంప్యూటర్లలో ఈ సెట్టింగును మార్చవలసిన పని పడలేదు.

ఒక ప్యాకేజీ టెంప్లేటుకు తెలుగు అనువాదం లేకపోతే ఆ ప్రశ్న ఆంగ్లంలోనే కనిపిస్తుంది, ఆంగ్లం రాని వాడుకరి తనకు అర్థంకాని జవాబుకు అంగీకరించవలసి వస్తుంది. ఈ అనువాదాలు ఇప్పుడు పీఓ అనే సాదా అక్షర ఫైళ్లలో ఉంటాయి కాబట్టి వాటిని చేయడానికి ప్రోగ్రామింగ్ నైపుణ్యం అక్కర లేదు. వనపర్తి సంస్థానపు రాజభవనంలో నెలకొన్న ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి విద్యాసంస్థల విద్యార్థులు చేపట్టదగిన పని ఇది.