బోదకాలు: వ్యాధి తీరు తెలిసివచ్చిన చరిత్ర

బోదకాలు దోమకాటుతో ఒంట్లో చేరే దారంపోగుల్లాంటి పురుగుల వల్ల వచ్చే దీర్ఘవ్యాధి. వైద్యుల వాడుకలో ఇది లింఫాటిక్ ఫైలేరియాసిస్. ఊళ్లలో బోద అనీ, ఫైలేరియా అనీ అంటారు. కాలు వాచి, చర్మం మొద్దుబారి ఏనుగు పాదంలా తయారయ్యే దశే జనానికి బాగా తెలుసు. వరిబీజం, పాలలా తెల్లగా మూత్రం పోవడం, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని ఒక రకం దగ్గు కూడా ఈ పురుగుల పనే. గుంటూరు జిల్లాలోని తెనాలి, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని బాపట్ల, రేపల్లె మూడూ కృష్ణా పశ్చిమ డెల్టా పట్టణాలు. మిగతా కోస్తాలాగే ఈ డెల్టా కూడా బోద పాతుకుపోయిన నేల. అందుకే ఇక్కడ నర్సింగ్ చదివేవారికి ఇది పుస్తకంలోని రెండు పేజీల పాఠంగా మిగిలిపోదు, వార్డులోనూ వీధిలోనూ ఎదురవుతుంది.

ఆయుర్వేదం దీన్ని శ్లీపదం అంది. సుశ్రుత సంహిత దోషాలను బట్టి దీన్ని మూడు రకాలుగా విడదీసి, పాతనీరు నిలిచి ఏడాది పొడుగునా చల్లగా ఉండే ప్రదేశాల్లో ఎక్కువగా వస్తుందని చెప్పింది. దోమ సంగతి తెలియకుండానే నిలవనీటికీ బోదకూ ముడి ఉందని పట్టుకున్న ఆ వైద్యుల చూపు గొప్పది.

పురుగు జాడ 19వ శతాబ్దంలో దొరికింది, అదీ ముక్కలు ముక్కలుగా. 1863లో పారిస్‌లో డెమార్కే అనే శస్త్రవైద్యుడు వరిబీజం నీటిలో సన్నని పిల్లపురుగులను చూశాడు. 1866లో బ్రెజిల్‌లోని బహియాలో ఒట్టో వుచెరర్ వాటినే తెల్లని మూత్రంలో చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ మనిషి నెత్తుటిలో గుర్తించాడు. తల్లిపురుగు 1876లో బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కు దొరికింది. మన ప్రాంతపు బోదకు కారణమైన వుచెరేరియా బాంక్రాఫ్టై పేరులో వుచెరర్, బాంక్రాఫ్ట్ ఇద్దరూ ఉన్నారు.

అసలు మలుపు 1877లో చైనా రేవుపట్టణం అమోయ్‌లో వచ్చింది. అక్కడ పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, నెత్తుటిలో పిల్లపురుగులున్న తన తోటమాలి హిన్-లోను నిద్రలో దోమలు కుట్టేలా చేసి, ఆ దోమలను కోసి చూశాడు. పురుగు దోమ కడుపు దాటి ఛాతీ కండరాల్లో పెరుగుతూ కనిపించింది. మనిషి వ్యాధికి కారణమైన జీవి కీటకం ఒంట్లో పెరుగుతుందని తేలడం అదే మొదలు. 20 ఏళ్ల తర్వాత, 1897 ఆగస్టులో, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పడం వెనక ఉన్నది ఈ మాన్సన్ ప్రోత్సాహమే. అయితే మాన్సన్ ఒకచోట పొరబడ్డాడు. దోమ నీటిలో పడి చస్తుందని, ఆ నీరు తాగినవారికి బోద వస్తుందని అనుకున్నాడు. 1900లో జార్జ్ కార్మైకేల్ లో దోమ తొండంలోనే పురుగును చూపించాక ఆ పొరపాటు తీరింది.

పురుగు బతుకు తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే. దోమ కుట్టేటప్పుడు పిల్లపురుగు సూదిమందులా నేరుగా నెత్తుటిలో పడదు. చర్మం మీదికి జారి, కాటు రంధ్రంలోంచి లోపలికి పాకుతుంది. శోషరస నాళాల్లో స్థిరపడి ఆరు నెలల నుంచి ఏడాదిలో పెద్దదవుతుంది. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్లు, మగది 4 సెంటీమీటర్లు ఉంటుంది. ఐదారేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ బతుకుతాయి. ఆడది కనే లక్షలాది పిల్లపురుగులు (మైక్రోఫైలేరియాలు) పగలంతా ఊపిరితిత్తుల్లోని సన్నని రక్తనాళాల్లో ఉండి, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య చర్మం దగ్గరి నెత్తుటిలోకి గుంపుగా వస్తాయి. ఇక్కడ బోదను మోసే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. దోమలో అవి 10 నుంచి 14 రోజులు ఎదుగుతాయే గానీ సంఖ్య పెరగదు. మలేరియా ఒక్క కాటుతో రావచ్చు. బోద పట్టుకోవడానికి మాత్రం నెలల తరబడి వందలు, వేల కాట్లు పడాలి. చుట్టపుచూపుగా వచ్చిపోయేవారికి అరుదుగానూ, అక్కడే పుట్టిపెరిగినవారికి ఎక్కువగానూ వచ్చేది అందుకే.

డెల్టాలో ఈ కాట్లకు కొదవలేదు. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక తెనాలి, రేపల్లె, బాపట్ల సీమ వరి మాగాణి అయింది. దాంతో కాలవలే బోదను తెచ్చాయనుకోవడం సులువు. కానీ క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్ పారే నీటిలో గుడ్లు పెట్టదు. దానికి మురికి నిలవనీరు కావాలి. ఊరి మధ్యనుంచి పారే కాలవకన్నా, చెత్తతో పూడిన వీధి మురుగుకాలవ, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు దానికి ఇష్టమైన చోట్లు. డెల్టా నేల చదును. సముద్రం దగ్గరపడేకొద్దీ నీటికి వాలు దొరకదు. నీరు పుష్కలం, జనం దట్టం, మురుగు పోయే దారి సన్నం. బోదకు కావలసిన మూడూ ఇక్కడ ఒకచోట కలిశాయి.

మందు విషయంలో తెలుగువారి పేరు చరిత్రలో నిలిచింది. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, 1947లో, అక్కడి బృందం డైఇథైల్ కార్బమజైన్‌ను వెలువరించింది. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మందే నేడు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర. మరుసటి ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. ఈ మందు నెత్తుటిలోని మైక్రోఫైలేరియాలను త్వరగా తుడిచిపెడుతుంది, పెద్ద పురుగుల్లో కొన్నింటినే చంపుతుంది. మాత్ర మింగిన రాత్రి కొందరికి వచ్చే జ్వరం, తలనొప్పి చాలావరకు చచ్చే పురుగుల వల్ల వచ్చేవే. ఈ ఒక్క మాట ఇంటివారికి విడమరిచి చెబితే మరుసటి ఏడాది మాత్ర వద్దనేవారు తగ్గుతారు.

రాత్రి దగ్గు సంగతి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో తేలింది. క్షయ అనుకుని చేర్చిన కొందరి కఫంలో క్షయక్రిములు లేవు. నెత్తుటిలో ఇయోసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా ఉన్నాయి. ఫ్రిమోట్-మోలర్, బార్టన్ 1940లో ఈ స్థితిని వర్ణించారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇయోసినోఫీలియా అని పేరుపెట్టాడు. 1960లో వెల్లూరు వైద్యులు ఇలాంటి రోగుల ఊపిరితిత్తుల్లో మైక్రోఫైలేరియాలను చూపించడంతో ముడి వీడింది. వీరి శరీరం పిల్లపురుగు మీద మితిమీరిన పగతో విరుచుకుపడుతుంది. పురుగు నెత్తుటి పరీక్షలో దొరకదు, ఊపిరితిత్తుల్లోనే చిక్కి చస్తుంది. ఆ పోరులో శ్వాసనాళాలు ముడుచుకుని ఉబ్బసంలాంటి దగ్గు వస్తుంది. రెండు మూడు వారాల డీఈసీతో చాలామందికి తెరిపి కలుగుతుంది. సకాలంలో గుర్తించకపోతే ఊపిరితిత్తులు గట్టిపడతాయి.

1955లో దేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. దాని మూడు ప్రాంతీయ శిక్షణ కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలో వెలసింది. మిగతావి కాలికట్, వారణాసి. పట్టణాల్లో మురుగునీటి మీద లార్వా మందు చల్లడం, రాత్రి రక్తపరీక్ష, పురుగు కనిపించినవారికి 12 రోజుల డీఈసీ, ఇదీ ఆనాటి పద్ధతి. రాత్రి రక్తపరీక్ష ఓపిక పని. ఊరు నిద్రపోయే వేళకు బృందం టార్చిలైటు పట్టుకుని వీధిలోకి వస్తుంది. తలుపు తట్టి, నిద్రలేపి, వేలికొస దూదితో తుడిచి సూదితో గుచ్చుతారు. 20 ఘనపు మిల్లీమీటర్ల నెత్తురు గాజుపలక మీద మందంగా పూస్తారు. ఆరాక నీటితో ఎరుపు కడిగేసి, రంగువేసి, సూక్ష్మదర్శిని కింద చూస్తే ఒరలో దూరిన దారపుముక్కలా మైక్రోఫైలేరియా కనిపిస్తుంది. పగలు తీసిన నెత్తుటిలో అదే మనిషికి ఏమీ కనిపించకపోవచ్చు.

ఇంత జరిగినా ఒక ప్రశ్న మిగిలింది. బోదకాలు ఉన్నవారిలో ఎక్కువమంది నెత్తుటిలో పురుగే ఉండదు. నెత్తురు నిండా పురుగులున్నవారు కాలు వాయకుండా ఏళ్లు గడుపుతారు. ఎందుకిలా?

పురుగులు నాళానికి అడ్డుపడి దారి మూసేస్తాయన్నది పాతకాలపు జవాబు. పాఠ్యపుస్తకాల్లో అది చాలాకాలం నిలిచింది. నిజానికి బతికున్న పురుగు నాళాన్ని మూయదు, సాగదీస్తుంది. 1994లో బ్రెజిల్‌లోని రెసిఫేలో అల్ట్రాసౌండ్‌తో చూసినప్పుడు, ఏ బాధా లేని మగవారి వృషణకోశపు శోషరస నాళాల్లో పురుగులు ఎడతెగక మెలికలు తిరుగుతూ కనిపించాయి. పరిశోధకులు దాన్ని ఫైలేరియా నాట్యం అన్నారు. నాళం వెడల్పైతే లోపలి కవాటాల రెక్కలు ఒకదానికొకటి అందవు. పైకి పోవలసిన శోషరసం కిందికి జారుతుంది. కణజాలంలో మిగిలిన మాంసకృత్తులు నీటిని పట్టి ఉంచుతాయి. మొదట్లో సాయంత్రానికి వాచిన పాదం తెల్లారేసరికి తగ్గుతుంది, వేలితో నొక్కితే గుంట పడుతుంది. తర్వాత పీచు కణజాలం, కొవ్వు పేరుకుని వాపు గట్టిపడుతుంది, గుంట పడదు.

పురుగు ఇన్నేళ్లు ఎలా బతుకుతుందన్నదానికీ జవాబు దొరికింది. ఇంటర్‌ల్యూకిన్-10 లాంటి సంకేతాలు పెరిగేలా చేసి అది శరీర రక్షణను జోకొడుతుంది. పురుగు కణాల్లోపల కాపురముండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా మరో వింత. పురుగు చచ్చినప్పుడు అది బయటపడి మంటను రేపుతుంది. డాక్సీసైక్లిన్‌తో ఆ బ్యాక్టీరియాను చంపితే ఆడపురుగు గొడ్డుబోతుంది.

అయితే కాలిని ఏనుగు పాదం చేసేది ఎక్కువగా మరొకటి. ఏడాదికి నాలుగైదుసార్లు వణుకుతో జ్వరం, గజ్జల్లో బిళ్ళకట్టడం, కాలు ఎర్రగా కాలిపోవడం చాలామంది రోగులకు అనుభవమే. అవి పురుగు తెచ్చే జ్వరాలని వైద్యులు చాలాకాలం నమ్మారు. వాటిలో ఎక్కువ భాగం చర్మపు పగుళ్లలోంచి దూరే స్ట్రెప్టోకాకస్ వంటి బ్యాక్టీరియా పని. శోషరసం నిలిచిన చోట రక్షణ కణాలు సరిగా చేరవు కాబట్టి చిన్న ఒరుపిడి కూడా చీడకు తలుపు తెరుస్తుంది. ఒక్కో జ్వరం మరికొన్ని సన్ననాళాలను పాడుచేస్తుంది, వాపు పెరుగుతుంది, కొత్త ముడతలు పడతాయి, ముడతల్లో మళ్లీ పగుళ్లు. 1990ల్లో బ్రెజిల్‌లోనూ కేరళలోని అలెప్పీలోనూ జరిగిన పరిశీలనల్లో పాదాన్ని శుభ్రంగా ఉంచుకున్నవారికి ఈ జ్వరాలు బాగా తగ్గాయి. బోద చరిత్రలో అమోయ్ దోమల తర్వాత ఇంత విలువైన సంగతి మరొకటి లేదు. ఎందుకంటే వ్యాధిని ఆపే పని దీంతో నర్సు చేతికొచ్చింది.

ఆ పని ఇలా ఉంటుంది. వెడల్పాటి బేసిన్‌లో మామూలు చల్లదనపు నీరు, వాసన లేని సబ్బు. ముందు మోకాలి నుంచి కిందికి తడిపి, సబ్బు చేతికి రాసుకుని మెల్లగా రుద్దుతారు, బ్రష్ వాడరు. ప్రతి ముడత విప్పి, ప్రతి వేలిసందులో గుడ్డ పెట్టి తుడుస్తారు. నీరు తేటపడేదాకా కడుగుతారు. తర్వాత మెత్తటి గుడ్డతో అద్దుతూ ఆరబెడతారు; వేళ్ల సందుల్లో తడి మిగలకూడదు. నాని తెల్లబడిన చోట ఫంగస్ మందు, గీరుకున్న చోట యాంటీబయోటిక్ మందు రాస్తారు. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టడం, మడమ ఎత్తి దించడం, ఒరుసుకోని చెప్పులు తొడగడం దీనికి తోడు. జ్వరం వచ్చినప్పుడు మాత్రం వ్యాయామం ఆపి చల్లటి గుడ్డ వేసి విశ్రాంతి ఇవ్వాలి. రోజంతా చేలో నీళ్లలో నాట్లువేసే ఆడవారికి సాయంత్రపు కడుగుడు తప్పనిసరి. వరిబీజానికి ఇవేవీ పనిచేయవు. దానికి శస్త్రచికిత్సే దారి.

1997లో ప్రపంచ ఆరోగ్య సభ బోదను నిర్మూలించాలని తీర్మానించింది. మన దేశంలో 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాల్లో అందరికీ ఏడాదికోసారి డీఈసీ ఇవ్వడం మొదలైంది, 2007 నుంచి ఆల్బెండజోల్ కలిసింది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో మంచానపడ్డవారికి ఇవ్వరు. 15 ఏళ్లు దాటినవారికి 300 మిల్లీగ్రాముల డీఈసీ, 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మోతాదు. భోజనం చేశాక, కార్యకర్త ఎదుటే మింగాలి. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా చేర్చారు. దేశం పెట్టుకున్న గడువు 2027. కొత్తగా సోకడం ఆగినంత మాత్రాన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ దేశానికీ ధ్రువీకరణ ఇవ్వదు. ఇప్పటికే కాలు వాచినవారికి, వరిబీజం ఉన్నవారికి వైద్యం, సంరక్షణ అందుబాటులో ఉన్నాయని కూడా ఆ దేశం చూపాలి.