బాలలకును విషాదరోగము కలదా?

తరగతిలో ఒక మూల ఒదిగి కూర్చుండి, అడిగినప్పుడు తప్ప నోరు విప్పని బాలికను చూచి మనము "బుద్ధిమంతురాలు" అందుము. చీటికిమాటికి కసరుకొని తోడివారితో కలహించు బాలుని "పెంకివాడు" అందుము. వీరిలో ఎవరికైనను మనోవ్యాధి ఉండవచ్చునన్న ఊహ పెద్దలకు తట్టుట అరుదు. ఇందుకు తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను మాత్రమే నిందించుట న్యాయము కాదు. వైద్యశాస్త్రమే ఈ విషయమున చాలకాలము పొరబడినది.

నేడు కుంగుబాటు అని వ్యవహరించుచున్న విషాదరోగము పెద్దలకు వచ్చునని ప్రాచీన గ్రీకు వైద్యులు ఎరుగుదురు. బాలల సంగతి వచ్చునప్పటికి ఇరువదవ శతాబ్దపు మనోవిశ్లేషకులకు ఒక చిక్కు ఎదురయ్యెను. రోగి తన్ను తానే నిందించుకొనుట ఈ వ్యాధికి ముఖ్యలక్షణమని 1917లో ఫ్రాయిడ్ వివరించెను. అట్లు నిందించుటకు మనసులో ఒక న్యాయాధిపతి ఉండవలెను. పసివారియందు ఆ న్యాయాధిపతి ఇంకను రూపొందలేదు గనుక వారికి ఈ వ్యాధి రాజాలదని ఆయన మార్గమున నడచినవారిలో పలువురు వాదించిరి. తర్కము చక్కగనే యున్నది. కాని దుఃఖము తర్కమునకు లోబడి ఆగదు గదా!

ఎదురు సాక్ష్యము 1946లోనే వెలువడినది. వియన్నాలో జన్మించి అమెరికాకు తరలిపోయిన రెనే స్పిట్జ్ అను వైద్యుడు ఒక శిశుసంరక్షణాలయములో 123 మంది శిశువులను పరిశీలించెను. తల్లిని ఎడబాసిన శిశువులలో కొందరు మొదట ఎడతెగక ఏడ్చిరి. పిదప ఏడుపు మాని, ముఖము త్రిప్పుకొనిరి. వారికి నిద్ర చెడినది, బరువు తగ్గినది. కొలది నెలలలో తల్లి తిరిగివచ్చినచో కోలుకొనిరి. అయినను అది శిశువుల సంగతి. బడికి పోవు బాలల ప్రశ్న అట్లే మిగిలిపోయినది.

1960 దశకములో మరియొక వాదము ప్రబలినది. బాలల విషాదము పైకి కానరాదనియు, తలనొప్పి, పక్క తడుపుట, బడి ఎగవేయుట, దుడుకుతనము అను ముసుగులలో దాగియుండుననియు చెప్పిరి. అల్లరి వెనుక దుఃఖమును వెదకుట నేర్పినందున ఇది మేలే. కాని ఈ లెక్కన బాల్యములోని ప్రతి దోషమును విషాదమే అనవచ్చును.

ఈ చిక్కు విడిపోవుటకు తోడ్పడిన ఉపాయము మిక్కిలి సులభమైనది: బాలలనే అడుగుట. 1970 దశకము చివర మరియా కోవాక్స్ 27 అంశములతో ఒక ప్రశ్నావళిని రూపొందించెను. అది 7 మొదలు 17 సంవత్సరముల వయసువారికి ఉద్దేశించినది. ఒక్కొక్క అంశమునకు మూడేసి వాక్యములు ఉండును. గడచిన రెండు వారములలో తన స్థితికి తగిన వాక్యమును బాలుడే ఎన్నుకొనును. 1980లో గాబ్రియెల్ కార్ల్‌సన్, డెనిస్ కాంట్‌వెల్ అనువారు, క్రమముగా ప్రశ్నించినచో ముసుగు తొలగి విషాదము బయటపడునని చూపిరి. ఆ సంవత్సరముననే అమెరికా మనోవైద్యసంఘము తన రోగనిర్ణయ గ్రంథమున పెద్దల లక్షణములనే బాలలకును వర్తింపజేసెను. 1987 నాటి సవరణలో, బాలలయందు దుఃఖమునకు మారుగా చిరాకు కనిపించవచ్చునని చేర్చిరి. మన "పెంకివాడు" ఆనాటికి గ్రంథమునకు ఎక్కినాడు.

ఈ చరిత్రనుండి మనము నేర్వవలసినది స్వల్పమే. బాలుని పొరుగువానితో పోల్చక, నిన్నటి తనతోనే పోల్చి చూడవలెను. ఆటపై మక్కువ పోయినదా? నిద్రయు ఆకలియు మారినవా? కారణము తెలియని కడుపునొప్పి మాటిమాటికి వచ్చుచున్నదా? తాను పనికిరానివాడనని అనుచున్నాడా? రెండు వారములు గడచినను ఈ మార్పు తగ్గనిచో వైద్యుని కడకు కొనిపోవలెను. చావు మాట ఎత్తినచో ఒక్క దినమైనను ఆగరాదు. మన దేశమున 2022 అక్టోబరులో ఆరంభమైన టెలి మానస్ వారిని 14416 సంఖ్యపై ఏ వేళనైనను ఉచితముగా సంప్రదింపవచ్చును.

ఉపాధ్యాయుడు వైద్యుడు కానక్కరలేదు. ఒక పూట ఆ బాలుని ప్రక్కన కూర్చుండి, "ఏమి నాయనా, ఎట్లున్నావు?" అని అడిగి, జవాబు వచ్చువరకు ఓపిక పట్టిన చాలును. శాస్త్రమునకు ఆ ప్రశ్న తట్టుటకు అర్ధశతాబ్దము పట్టినది.