తెర ముందు మన జాగ



ప్రతి ఏడు ఈ పుస్తకంలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి అప్పు ఎంత, తిరిగి కట్టింది ఎంత అని రాసుకుంటం. ఆ లెక్కలు ఈసారి కూడా వేరే పేజీల్లో ఉన్నయి. ఇక్కడ మాత్రం ఇంకో ముచ్చట రాస్తున్నం. మన ఊర్లల్ల ఆటలు, పాటలు, సినిమాలు ఎట్ల నడిచినయి, వాటి ముందు ఆడోళ్లకు జాగ ఎక్కడ దొరికింది అన్నది ఆ ముచ్చట.

ఎందుకు రాస్తున్నమంటే, వచ్చే ఏడాది ప్రణాళికలో నెలకు ఒక సాయంత్రం ఆటకో సినిమాకో కేటాయించాలని మాలో కొందరం అంటున్నం. "అప్పులు, వాయిదాలు చూసుకునే సంఘానికి సినిమాలు ఎందుకు?" అని అడిగినోళ్లు కూడా ఉన్నరు. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన చరిత్రలోనే ఉన్నదని మేం అనుకుంటున్నం.

బట్ట మీద కథ

సినిమా రాకముందే మన దిక్కు తెర ఉన్నది. మన జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాశీ కళాకారులు ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, తెల్లసుద్ద పట్టించి, ఆరినంక దాని మీద ఎర్రటి నేపథ్యంతో బొమ్మలు వేస్తరు. పొడుగాటి బట్టను అడ్డగీతలతో గళ్లుగా చేసి, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టం రాస్తరు. కథ చెప్పేటోళ్లు ఆ పటాన్ని గుంజకు వేలాడదీసి, ఒక్కో బొమ్మను చూపిస్తూ పాటతో, మాటతో రాత్రంతా కథ నడిపేవాళ్లు. ఒక బొమ్మ తర్వాత ఇంకో బొమ్మ, దానికి తోడు మాట, వాయిద్యం. సినిమా చేసే పని కూడా అదే కదా.

ఈ పటాలు ఒక్కో కులానికి ఒక్కో తీరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వాళ్లు. మాదిగలకు జాంబపురాణం చెప్పేది డక్కలి వాళ్లు. గౌండ్ల కథ చెప్పేది గౌడజెట్టి వాళ్లు, ముదిరాజుల కథ చెప్పేది కాకిపడిగల వాళ్లు. ఏ కులం కథ ఆ కులం వాడలోనే నడిచేది. అంటే ఊరు ఒకటే అయినా, అందరూ కలిసి కూర్చుని చూసిన కథ తక్కువ. ఈ మాట గుర్తు పెట్టుకోవాలె. మన సంఘంలో ఇయ్యాల అన్ని వాడల ఆడోళ్లు ఒక్క చాప మీద కూర్చుంటున్నరంటే అది చిన్న మార్పు కాదు.

రాత్రంతా ఆట, తెల్లారితే పని

కొమురవెల్లి మల్లన్న మన జిల్లా దేవుడు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం అక్కడ జాతర. పట్నాలు వేసుడు, డోలు దెబ్బ, ఒగ్గు పూజారుల కథ మనందరికీ ఎరుకే. ఒగ్గుకథలో ఆడ పాత్ర కూడా మగాయనే వేస్తడు. తువ్వాలను నెత్తి మీద కొంగులెక్క కప్పుకుంటే చాలు, మల్లన్న పెండ్లాం అయిపోతడు. జనగామ దిక్కు చుక్క సత్తయ్య ఈ కథను ఊర్ల నుంచి దేశం వేదికల మీదికి తీసుకపోయిండు. ఆయనకు సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది.

చిందు బాగోతంలో మాత్రం ఆడోళ్లు కూడా గజ్జె కట్టిండ్రు. నిజామాబాద్ జిల్లా చిందు ఎల్లమ్మ ఆడ పాత్రలే కాదు, మగ పాత్రలు కూడా వేసి మెప్పించింది. ఆమె 2005లో చనిపోయింది. అయితే ఆట ఆడిన ఆ తల్లులను ఊరు ఎట్ల చూసింది? రాత్రి పూట దేవుని వేషంలో దండం పెట్టి, తెల్లారినంక అదే మనిషిని వాడ అవతల నిలబెట్టిన కాలం అది. ఆడినామెకు మర్యాద దక్కలేదు, చూసే ఆమెకు తీరిక దక్కలేదు.

తీరిక సంగతి మా అమ్మలు, అత్తలు బాగా చెప్తరు. ఆట మొదలయ్యేది అందరూ తిన్నంక. మగోళ్లు తిని పోయి ముందు కూర్చునేది. ఆడోళ్లు బాసండ్లు తోమి, పిల్లలను పండవెట్టి, పశువులకు గడ్డి వేసి పోయేసరికి కథ సగం అయిపోయేది. ముందు వరుసలో పటేలు కుర్చీ, దొర మంచం. వెనక నేల మీద మగోళ్లు. వాళ్ల వెనక, లేకపోతే అరుగుల మీద, తలుపు చాటున ఆడోళ్లు. కోడి కూసేటాళ్లకు మళ్లీ లేచి వాకిలి ఊడ్వాలె. కనుక మన పెద్దోళ్లు ఎన్నో కథలు విన్నరు గాని, చివరి దాకా చూసినవి తక్కువ.

ఒక్క బతుకమ్మ మాత్రం వేరు. దానికి మంచె లేదు, టికెట్టు లేదు, ముందు వరుస లేదు. ఆడేటోళ్లే చూసేటోళ్లు. నడుమ పూలు, చుట్టూ గుండ్రంగా మనం. ఆ తొమ్మిది దినాలు ఎవరినీ అడగకుండా సాయంత్రం మనదే. 2014లో తెలంగాణ వచ్చినంక అది రాష్ట్ర పండుగ అయ్యింది.

డేరా సినిమా, ఊరి టీవీ

తెలుగులో మొదటి మాటల సినిమా భక్త ప్రహ్లాద 1932లో వచ్చింది. అందులో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి నాటకాల కుటుంబం నుంచి వచ్చిన మనిషి. తర్వాత సినిమాను ఊర్లకు తెచ్చింది టూరింగ్ టాకీసులు. డేరా వేసి, నేల, బెంచీ, కుర్చీ అని టికెట్లు పెట్టి, ఆడోళ్లకు ఒక పక్కన అడ్డం కట్టి ఆట నడిపేవాళ్లు. డేరా లేని చోట ప్రభుత్వ ప్రచార బండి వచ్చి తెల్లబట్ట కట్టి సినిమా వేసేది. టీకాల గురించో, ఎరువుల గురించో ముందు చూపించి, తర్వాత అసలు సినిమా. అది చూడటానికి పక్క ఊర్ల నుంచి కూడా నడిచి వచ్చిండ్రని పెద్దోళ్లు చెప్తరు.

1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా మన దేశంలో ఒక ప్రయోగం చేసిండ్రు. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలల్ల దాదాపు 2,400 ఊర్లకు నేరుగా టీవీ చూపించిండ్రు. దాన్ని సైట్ అన్నరు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సాయంత్రం బడి ముందటనో, పంచాయతీ ముందటనో ఒక్క టీవీ పెట్టి ఊరంతా చూసుడు. తర్వాత పదేండ్లకు, 1987, 88ల్లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేటప్పుడు టీవీ ఉన్న ఇల్లు గుడిలెక్క నిండేది. అయితే టీవీ ఉన్నది ఉన్నోళ్ల ఇంట్లనే. వాకిట్ల కూర్చోనిచ్చేది ఎవరిని, గడప లోపలికి రానిచ్చేది ఎవరిని అన్నది అప్పుడు కూడా ఆ ఇంటోళ్ల ఇష్టమే.

మన జిల్లా మనుషులు, మన బతుకు బొమ్మలు

చాలా సినిమాలల్ల మన భాష మాట్లాడేటోడు దొంగనో, నవ్వించేటోడో. అది చూసి మనమే నవ్వినం. దీన్ని మార్చినోళ్లలో ఒకాయన మన జిల్లా మనిషే. బి. నర్సింగరావు గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌లో పుట్టిండు. ఆయన నిర్మాతగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తీసిన మా భూమి 1980లో విడుదలైంది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా తెలంగాణ రైతుల పోరాటం మీద వచ్చిన సినిమా అది. తర్వాత నర్సింగరావే 1988లో దాసి తీసిండు. దొర గడిలో దాసిగా బతికిన ఆడమనిషి కథ. అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ అవార్డు వచ్చింది. మొత్తం అయిదు జాతీయ అవార్డులు వచ్చినయి. గడి లోపల ఏం జరిగేదో మన అవ్వలు గుసగుసగా చెప్పుకున్న మాటను ఆ సినిమా దేశం ముందు పెట్టింది.

బొమ్మల విషయంలో సిద్దిపేట కాపు రాజయ్య కూడా అంతే. 1925లో పుట్టి 2012లో పోయిండు. బోనాలు, బతుకమ్మ, ఊరి ఆడోళ్లను ఆయన రంగులల్ల వేసిండు. చేర్యాల నకాశీ తీరు ఆయన బొమ్మలల్ల కనిపిస్తది. మనం రోజూ చేసే పని కూడా బొమ్మ గీయదగ్గదే అని చెప్పినట్టు అనిపిస్తది వాటిని చూస్తే.

మన సంఘాల వెనక ఒక ఆట

ఇప్పుడు అసలు సంగతి. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. కానీ ఊరూరా పొదుపు సంఘాలు పుట్టడానికి ఊపు వచ్చింది ఆ తర్వాత పదేండ్లకు, నెల్లూరు జిల్లా నుంచి. అక్కడ అక్షరాస్యత ఉద్యమం 1990 నాటికి మొదలైంది. పలకలు పంచే ముందు ఊర్లకు పోయింది కళాజాతలు. డప్పు, పాట, చిన్న చిన్న నాటకాలు. రాత్రి బడిలో చదివిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారాతో ఆగమైన ఇంటి కథ అది. చదివిన ఆడోళ్లు "ఇది మా కథనే" అనుకున్నరు. దూబగుంట ఆడోళ్లు తమ ఊరి సారా దుకాణం మూయించిండ్రు. ఆ ముచ్చట మళ్లీ పాఠమై ఊరూరికి పోయింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయ్యింది. సారాకు పోయే పైసల నుంచి రోజుకు ఒక రూపాయి దాచుకుందాం అన్న ఆలోచన ఆ వేడిలోనే బలపడింది.

అంటే చూడుండ్రి. ముందు ఆట, ఆట తర్వాత అక్షరం, అక్షరం తర్వాత ఉద్యమం, దాని వెనకనే పొదుపు. 2000లో వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం, గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు, స్త్రీనిధి, అన్నీ ఆ తర్వాత సంగతులే. అప్పుల సంఘానికి ఆట ఎందుకు అన్న ప్రశ్నకు ఇదే మా మొదటి జవాబు.

తెలంగాణ ఉద్యమంలో కూడా ఇదే చూసినం. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊర్లకు వచ్చినప్పుడు ఆడోళ్లు అరుగుల మీది నుంచి దిగి మైదానం నడుమకు వచ్చి కూర్చున్నరు.

సంఘం షాట్

రెండో జవాబు పస్తాపూర్ అక్కలది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ మన పాత మెదక్ జిల్లాలోనిదే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల ఉన్న దళిత ఆడోళ్లు, చాలామంది బడి మొఖం చూడనోళ్లు, వీడియో కెమెరా నేర్చుకున్నరు. చిరుధాన్యాల మీద, విత్తనాల మీద, బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల మీద సినిమాలు తీసిండ్రు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంఘం రేడియో పెట్టుకున్నరు. ప్రతి సంక్రాంతికి పాత పంటల జాతర అని ఎడ్ల బండ్లను అలంకరించి, విత్తనాల కుండలు పెట్టి ఊరూరా తిప్పుతరు.

వాళ్లు కెమెరా భాషకు సొంత పేర్లు పెట్టుకున్నరు. పై నుంచి కిందికి చూసి తీసేది పటేల్ షాట్. పటేలు మనల్ని అట్లనే చూస్తడు గనుక. కింద నుంచి పైకి చూసి తీసేది బానిస షాట్, పాలేరు దొరను చూసినట్టు. కండ్లకు కండ్లు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్. సంఘంలో అందరం ఒకే ఎత్తున కూర్చుంటం గనుక.

ఇది చదివినప్పుడు మాకు పైన రాసిన చరిత్ర అంతా ఒక్క మాటలో దొరికినట్టు అయ్యింది. కుర్చీ, నేల, అరుగు, తలుపు చాటు, ఇవన్నీ ఎవరు ఎక్కడి నుంచి చూడాలె అని ఊరు చేసిన ఏర్పాటు. బతుకమ్మ చుట్టూ ఆడినప్పుడు, నెల మీటింగుకు గుండ్రంగా కూర్చున్నప్పుడు ఆ ఏర్పాటు లేదు.

వచ్చే ఏడాదికి మా మాట

ఇయ్యాల అందరి చేతిలో ఫోను ఉన్నది. సినిమా లేని ఇల్లు లేదు. కానీ ఒక్కొక్కరం ఒక్కో మూలకు కూర్చుని చూస్తున్నం. చూసినంక మాట్లాడుకునే మనిషి పక్కన లేదు. తాగుడు, కట్నం, చిన్నప్పుడే పెండ్లి, ఫోన్లల్ల వచ్చే మోసాలు, ఇసొంటి సంగతులు మీటింగులో నోరు తెరిచి చెప్పలేని చెల్లె, సినిమాలో చూసినప్పుడు "మా ఇంటి పక్కన కూడా ఇట్లనే" అని మాట మొదలు పెడ్తది. సీతమ్మ కథ చేసింది కూడా ఆ పనే.

అందుకే మహాసభ ముందు ఈ మాటలు పెడుతున్నం. నెలకు ఒక సాయంత్రం, సమాఖ్య భవనంలో, పొద్దుగూకక ముందే మొదలు పెట్టి ఎనిమిది లోపల ఇంటికి చేరేటట్టు చూడాలె. గట్లమల్యాల, నర్మెట్ట, పాలమాకుల అక్కలు రావాలంటే తిరిగి పోయే బండి ఏర్పాటు కూడా ముందే చూడాలె. చంటి పిల్లలతో వచ్చేటోళ్లకు ఒక చాప, తాగే నీళ్లు, మరుగుదొడ్డి తాళం తీసి ఉంచుడు మర్చిపోవద్దు. సినిమా తీసినోళ్ల అనుమతి తీసుకునే వేయాలె. సినిమా అయినంక అరగంట గుండ్రంగా కూర్చుని మాట్లాడాలె. ఆ మాటలు తీర్మానాల పుస్తకంలో ఎక్కాలె.

ఏడాదిలో కనీసం రెండు సాయంత్రాలు సినిమాకు కాక మన దిక్కు కళాకారులకు ఇవ్వాలె. ఒగ్గు వాళ్లకు, చిందు వాళ్లకు, చేర్యాల పటం కథకులకు పిలుపు పంపాలె. వాళ్లకు ఇచ్చేది దానం కాదు, కూలి. ముందే మాట్లాడుకున్న పైసలు బ్యాంకు ఖాతాలో వేయాలె, అందరితోపాటు కూర్చోబెట్టి అన్నం పెట్టాలె.

కుర్చీలు వేయొద్దని కూడా మా కోరిక. మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దమ్మలకు తప్ప, అధ్యక్షురాలికైనా, వచ్చిన అతిథికైనా చాపనే. ఖర్చు ఎంతో, ఏ పద్దు కింద రాయాలెనో లెక్క వేసి మహాసభకు తెస్తం. అక్కలు చూసి, వద్దనిపిస్తే ఎందుకు వద్దో చెప్పుండ్రి. సరే అనిపిస్తే చేతులెత్తి తీర్మానం చేయుండ్రి.