వబా కాలంలో పాబందీకి హద్దు ఎక్కడ?

మా మొహల్లాలో ఏ ఇంట్లో ఆడమనిషి చనిపోయినా ముందు మా ఫూఫూకే కబురొచ్చేది. ముప్పై ఏళ్లకు పైగా ఎందరికో ఆమే గుసుల్ ఇచ్చింది, కఫన్ చుట్టింది. ఎవరి దగ్గరా ఒక్క పైసా పుచ్చుకోలేదు. 2021 ఏప్రిల్‌లో, కరోనా సెకండ్ వేవ్‌లో, ఆమే దవాఖానాలో కన్నుమూసింది. ఆమెకు మాత్రం గుసుల్ దొరకలేదు. జిప్పు వేసిన సంచీలో మయ్యిత్‌ను అంబులెన్సులో నేరుగా ఖబరస్తాన్‌కు తెచ్చారు. జనాజా నమాజుకు ఐదుగురం నిలబడ్డాం. కూతుళ్లిద్దరూ గేటు బయట నిలబడి, అమ్మీ ముఖం ఒక్కసారి చూపించమని బతిమాలారు. "రూల్స్ ఒప్పుకోవు" అన్నాడు అక్కడున్న ఉద్యోగి. మేం తలొంచుకున్నాం.

అంతకు ఏడాది ముందు మా మసీదు మూసేయాలా వద్దా అని కమిటీలో పెద్ద గొడవ జరిగింది. జుమా ఆపడం జుల్మ్ అని కొందరన్నారు. మూసేయాలని వాదించినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఆ మాటకు ఇప్పటికీ కట్టుబడే ఉన్నాను. అయితే పాబందీ మంచిదన్న నేనే ఫూఫూ కూతుళ్లకు ఏం జవాబు చెప్పాలి? ఎహ్తియాత్ ఎక్కడ ఆగుతుంది, జ్యాదతీ ఎక్కడ మొదలవుతుంది? ఈ సవాల్ పట్టుకుని కొంత తారీఖ్ తిరగేశాను. తెలిసింది మీ ముందు పెడుతున్నాను.

మనకు ముందుగా గుర్తొచ్చేది హజ్రత్ ఉమర్ (రజి) కాలపు తాఊన్. హిజ్రీ 18 ప్రాంతం, అంటే క్రీ.శ. 639 నాటి మాట. ఖలీఫా షామ్‌కు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరేసరికి, అక్కడ వబా పుట్టిందని ఖబర్ వచ్చింది. ఆయన వెంటనే హుకుం జారీ చేయలేదు. మొదట ముహాజిర్లను పిలిచి మష్వరా చేశారు. వాళ్లలో ఏకాభిప్రాయం కుదరలేదు. అన్సార్లను పిలిచారు. వాళ్లదీ అదే పరిస్థితి. తర్వాత ఖురైష్ పెద్దల్ని పిలిస్తే, వాళ్లంతా వెనక్కి మళ్లమన్నారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) అందరి ముందే అడ్డు ప్రశ్న వేశారు: అల్లాహ్ రాసిన తఖ్దీర్ నుంచి పారిపోతున్నారా అని. ఖలీఫా కోపగించి నోరు మూయించలేదు. అల్లాహ్ తఖ్దీర్ నుంచి అల్లాహ్ తఖ్దీర్‌లోకే వెళ్తున్నామని చెప్పి, ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉన్న లోయలో ఒంటెలను మేపే ఉదాహరణతో సమాధానపరిచారు. వబా ఉన్న చోటికి వెళ్లొద్దు, ఉన్న చోటు నుంచి పారిపోవద్దు అనే హదీసును హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వినిపించింది ఆ తర్వాతే.

ఈ వాఖియాను లాక్‌డౌన్ రోజుల్లో అందరం వాట్సాప్‌లో పంపుకున్నాం. కానీ హదీసు భాగమే పంపాం. మూడుసార్లు జరిగిన మష్వరానూ, ఎదురు ప్రశ్నకు దొరికిన జవాబునూ వదిలేశాం. ఇంకో సంగతి కూడా గమనించండి. ఆ రోజు ఆగింది ముందుగా ఖలీఫా ప్రయాణమే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ ప్రాంతంలో ప్లేగు బయటపడింది. దాన్ని గుర్తించింది డాక్టర్ అకాసియో వియేగస్. 1897 ఫిబ్రవరి 4న ఇంగ్లీషు హుకూమత్ అంటువ్యాధుల చట్టం తెచ్చింది. కొన్ని సెక్షన్ల చిన్న చట్టమే. వబాను ఆపడానికి అవసరమనుకున్న ఏ చర్యనైనా సర్కారు తీసుకోవచ్చు. సదుద్దేశంతో చేశామంటే అధికారుల మీద దావా వేయడానికి లేదు. అవామ్‌కు ఉండే హక్కుల ఊసే అందులో లేదు.

ఆ చట్టం చేతికొచ్చాక ఏం జరిగిందో చూడండి. రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల్ని నిలబెట్టి, చంకల్లో, గజ్జల్లో గడ్డలున్నాయేమోనని తడిమారు. ఆడవాళ్లనూ వదల్లేదు. పర్దాలో బతికే ఇళ్లకు అది ఎంతటి అవమానమో వేరే చెప్పాలా! రోగుల్ని ఇంట్లోవాళ్ల నుంచి లాక్కెళ్లారు, సామాను తగలబెట్టారు, శవాలను పరీక్షించాకే దఫన్‌కు ఇచ్చారు. ఆ ఏడాది హజ్ ప్రయాణాన్నీ ఆపేశారు. పూనాలో ఇళ్ల సోదాకు గోరా సైనికుల్నే దింపారు. ఆ పనికి పెద్దగా ఉన్న ర్యాండ్ అనే అధికారిని 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు కాల్చారు.

1898 మార్చి 9న బొంబాయి మదన్‌పురాలో ఇంకోటి జరిగింది. అక్కడ ఉండేది ఎక్కువగా జులాహాలు. ఉత్తరాది నుంచి మగ్గం చితికిపోయి వచ్చిన మన ముస్లిం నేతగాళ్లు. జబ్బుపడిన ఒక చిన్నపిల్లను తీసుకెళ్లడానికి సోదా బృందం వచ్చింది. బస్తీ అడ్డుపడింది. రాళ్లు లేచాయి, తుపాకులు పేలాయి. గుంపు చేసిందంతా సరైనదని నేననను. గుంపు చేతిలోనూ ప్రాణాలు పోయాయి. కానీ ఏడాదికి పైగా ఎవరూ వినని ఫిర్యాదు ఆ రోజు రాయి రూపంలో బయటికొచ్చిందన్నది నిజం.

దీనికన్నా బాధాకరమైన సంగతి ఇంకొకటుంది. సరిగ్గా అదే 1898లో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు కరాచీలో ప్రయోగాలు చేసి, ప్లేగు ఎలుకల మీది గోమార్ల ద్వారా మనిషికి పాకుతుందని చూపించాడు. చాలామంది ఏళ్ల తరబడి ఆయన్ని నమ్మలేదు. అంటే, ఎలుకలు, గోమార్లు మోసుకొస్తున్న రోగం కోసం పర్దా వెనక వెతికారు. ఇల్మ్ ఇంకా సగంలో ఉండగా జబర్దస్తీ మాత్రం పూర్తిగా చేశారు. తిరుగుబాట్లు చూశాక హుకూమత్ మెల్లగా పట్టు సడలించింది. జమాతుల సొంత ఆస్పత్రులకు చోటిచ్చింది, హాఫ్‌కిన్ టీకా వేసుకోమని ఒప్పించే దారి పట్టింది. ఆ ప్లేగు ఈ దేశంలో కోటిమందికి పైగా ప్రాణాలు తీసింది. కాబట్టి భయం అబద్ధం కాదు. చికిత్స కోసం నమ్మించాల్సిన జనాన్ని దాక్కునేలా చేయడమే పెద్ద తప్పు.

మన హైదరాబాదులో పాతవాళ్లు నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను ఇప్పటికీ కోరంటి దవాఖానా అంటారు. కోరంటి అంటే క్వారంటీనే. ఆ మాట పుట్టింది ఇటలీ భాషలోని నలభై అనే అంకె నుంచి. ఓడల్ని నలభై రోజులు రేవు బయట ఆపేవాళ్లు. మన ఇళ్లలో బాలింతకు చిల్లా నలభై రోజులే కదా! ఎడంగా ఉండటం మనకు కొత్త కాదు. కానీ చిల్లాలో ఉన్న బాలింతకు వేళకు అన్నం అందుతుంది, చివరి రోజు ఏదో ఆమెకు ముందే తెలుసు.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు లాక్‌డౌన్ ప్రకటించి, అర్ధరాత్రి నుంచి అమలన్నారు. మధ్యలో నాలుగే గంటలు. రాష్ట్రాలు అప్పుడు చేతికి తీసుకున్నది ఆ 1897 చట్టమే. వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచారు. మన తెలంగాణ మిర్చి తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి నడుస్తూ పన్నెండేళ్ల పిల్ల దారిలోనే ప్రాణం వదిలింది. తబ్లీగీ జమాత్ పేరుతో మనవాళ్లను రోగానికే మారుపేరు చేశారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ జమాతీల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారని తేల్చింది. శ్రీలంకలో కోవిడ్‌తో పోయిన ముస్లింల మయ్యిత్‌లను బలవంతంగా కాల్చారు. పాతిపెట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినా 2021 ఫిబ్రవరి దాకా వినలేదు. 2024లో అక్కడి మంత్రివర్గం మాఫీ చెప్పాలని నిర్ణయించింది. చితిలో కాలిపోయినవాళ్లకు ఆ మాఫీ ఏం చేస్తుంది?

అదే 2020లో మక్కాలో హజ్‌కు వెయ్యి మంది దాకా మాత్రమే అనుమతించారు. అంతకుముందు ఏడు దాదాపు పాతిక లక్షల మంది వెళ్లారు. గుండె కలుక్కుమంది, అయినా దాన్ని జుల్మ్ అనలేదు. రోగం మనిషి నుంచి మనిషికి పాకుతోందని తెలుసు, పాబందీ అందరికీ ఒకటే, తలుపులు మళ్లీ తెరుస్తారన్న నమ్మకం ఉంది. ఒక పాబందీ హద్దు దాటిందో లేదో తూచడానికి నేను అడిగే ప్రశ్నలు ఇవే: ఇది నిజంగా రోగాన్ని ఆపుతుందా? పేదకూ పెద్దకూ, నాకూ పొరుగువాడికీ ఒకేలా ఉందా? ఎప్పుడు ముగుస్తుందో చెప్పారా? ఎదురు ప్రశ్నకు జవాబిచ్చేవాళ్లు ఉన్నారా?

ఫూఫూ పోయిన కొన్ని నెలలకు, కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాలు చదివాను. మయ్యిత్‌కు స్నానం చేయించవద్దనీ, తాకవద్దనీ అందులో ఉంది. కానీ సంచీ జిప్పు ముఖం వరకు తెరిచి చివరి చూపు చూపించవచ్చనీ ఉంది. తాకకుండా చదివే దుఆలకూ అనుమతి ఉంది. అంటే ఆ రోజు గేటు దగ్గర మాకు చెప్పిన రూలు లేనే లేదు. ఆ ఉద్యోగి భయపడ్డాడో, అతనికీ తెలియదో. మేం ఐదుగురం చదువుకున్నవాళ్లమే. "ఏ రూలు? ఎక్కడుంది? చూపించండి" అని ఒక్కరం కూడా అడగలేదు.

కూతుళ్లిద్దరికీ ఈ సంగతి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించి, చివరికి చెప్పాను. పెద్దది చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ కాగితం తన ఫోనుకు పంపమంది. ఇప్పుడు మొహల్లాలో గుసుల్‌కు వెళ్తున్నది ఆమే.