హార్డిన్‌లో దొరకని పెళ్లి

అబ్రహాం లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ 1818లో, ఇండియానా అడవుల మధ్య, జబ్బుచేసి చనిపోయింది. అప్పటికి కొడుక్కి తొమ్మిదేళ్లు. ఆ కొడుకు దేశాధ్యక్షుడై హత్యకు గురయ్యాక, ఎప్పుడో కన్నుమూసిన ఆ తల్లి మీద నింద పడింది: అసలామెకు పెళ్లే కాలేదని. లింకన్ మిత్రుడు వార్డ్ లామన్ పేరుతో 1872లో వెలువడిన జీవితచరిత్ర ఆ అనుమానాన్ని అచ్చులోకి ఎక్కించింది. దానికి ఆధారం? కెంటకీలోని హార్డిన్ కౌంటీ పుస్తకాల్లో ఆ పెళ్లి జాడ లేకపోవడం.

అక్కడే వెతకడానికి కారణం లేకపోలేదు. 1809లో లింకన్ పుట్టింది ఆ కౌంటీలోనే. తండ్రి థామస్ కొత్త కాపురం పెట్టింది దాని ముఖ్యపట్టణం ఎలిజబెత్‌టౌన్‌లోనే. పైగా థామస్ పెళ్లి కాగితం అక్కడ ఒకటి ఉంది కూడా. అయితే అది 1819 డిసెంబరు నాటిది. వధువు సారా బుష్ జాన్‌స్టన్, లింకన్‌కు సవతి తల్లి. అక్కడ చాలాకాలం క్లర్కుగా పనిచేసిన శామ్యూల్ హేక్రాఫ్ట్ సైతం ఆమెనే కన్నతల్లి అనుకున్నాడు. 1860 మే నెలలో లింకనే జవాబు రాసి, తన తల్లి పుట్టింటి పేరు నాన్సీ హాంక్స్ అని సరిదిద్దాల్సి వచ్చింది.

అదే ఏడాది ఎన్నికల ప్రచారం కోసం రాసిచ్చిన జీవిత వివరాల్లో, తల్లిదండ్రుల పెళ్లి 1806లో జరిగిందని లింకన్ చెప్పాడు. ఏడాది తెలిసింది, కౌంటీ తెలియలేదు. ఆ రోజుల్లో కెంటకీలో పెళ్లికి ముందు వరుడు ఒక జామీనుదారుణ్ణి వెంటబెట్టుకెళ్లి పూచీకత్తు రాసివ్వాలి. ఇచ్చేది కాపురం పెట్టబోయే చోట కాదు, వధువు ఉండే కౌంటీలో. పెళ్లి అమ్మాయి తరఫువాళ్ల ఇంట జరగడం మనకు తెలియని ఆచారమేమీ కాదు. నాన్సీ అప్పుడు ఉంటున్నది వాషింగ్టన్ కౌంటీలో, బెర్రీ కుటుంబంతో. థామస్ అన్న ఉన్నదీ ఆ కౌంటీలోనే.

1878లో, వాషింగ్టన్ కౌంటీ ముఖ్యపట్టణం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, కౌంటీ క్లర్కు డబ్ల్యూ. ఎఫ్. బుకర్ పాత కాగితాల్లోంచి ఆ పూచీకత్తు బయటికి తీశాడు. తేదీ 1806 జూన్ 10. మొత్తం 50 పౌండ్లు. సంతకాలు థామస్ లింకన్‌వి, రిచర్డ్ బెర్రీవి.

దీంతో చిక్కు సగమే వీడింది. పూచీకత్తు పెళ్లి చేసుకుంటామన్న మాటకు సాక్ష్యం, పెళ్లి జరిగినదానికి కాదు. రాసిచ్చాక ఆగిపోయిన పెళ్లిళ్లూ ఉంటాయి. రెండో సగం మెథడిస్టు బోధకుడు జెస్సీ హెడ్ రాతలో దొరికింది. తాను జరిపించిన పెళ్లిళ్లను ఒక జాబితాగా రాసి, 1807 ఏప్రిల్ 22 తేదీతో ఆయన క్లర్కుకు అందజేశాడు. అందులో 1806 జూన్ 12న థామస్ లింకన్, నాన్సీ హాంక్స్. మొదటి బిడ్డ సారా పుట్టింది ఆ మరుసటి ఫిబ్రవరిలో. లింకన్ పుట్టేసరికి పెళ్లయి రెండున్నరేళ్లు దాటింది.

ఆ కాలపు పల్లె అమెరికా ఆడవాళ్ల కోసం వెతికే ఎవరికైనా ఈ రెండు కాగితాల విలువ తెలుస్తుంది. అప్పట్లో కెంటకీలో జననాలు నమోదయ్యేవి కావు. 1850కి ముందు జనాభా లెక్కల్లో ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. భార్య ఒక అంకె మాత్రమే. పుట్టింటి పేరు, భర్త పేరు పక్కపక్కన కనిపించేది చాలాసార్లు పెళ్లి కాగితంలోనే. అది మరో కౌంటీ కచేరీలో భద్రంగా ఉండగానే, వెతికినచోట దొరకలేదన్న ఒక్క కారణంతో, బదులు చెప్పుకోలేని మనిషికి అంత మచ్చ అంటగట్టడం నాకు ఘోరమనిపిస్తుంది.

ఆ పూచీకత్తులోనే ఇంకో చిక్కు మిగిలింది. మామూలుగా తండ్రో అన్నో నిలబడే చోట రిచర్డ్ బెర్రీ సంరక్షకుడినంటూ సంతకం చేశాడు. మరి నాన్సీ తండ్రి ఎవరు? తల్లి వైపు జాడ మెర్సర్ కౌంటీకి తీసుకెళ్తుంది. నాన్సీ తల్లి లూసీ హాంక్స్ హెన్రీ స్పారో అనే అతన్ని పెళ్లాడిన సంగతి అక్కడి కాగితాల్లో ఉంది. నాన్సీ తండ్రి పేరు మాత్రం ఇప్పటికీ తేలలేదు.