చేతులు మారిన ఏడు సీట్లు

2000 జనవరిలో టయోటా మన మార్కెట్లోకి దిగినప్పుడు వెంట తెచ్చింది కరోలాను కాదు, కామ్రీని కాదు. ఇండోనేషియాలో కిజాంగ్ పేరుతో తిరిగిన ఓ డబ్బాబండికి కొత్త ముస్తాబు చేసి, క్వాలిస్ అని పేరు పెట్టి దింపింది. అక్కడ 1997లోనే దాని తర్వాతి మోడల్ వచ్చేసింది. అంటే వాళ్లు వదిలేసిన రూపం మనకు కొత్తబండి అయింది. బెంగళూరు పక్కన బిడదిలో, కిర్లోస్కర్‌తో కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో 1999 డిసెంబరులో తయారీ మొదలైంది. కార్ల సంగతి తెలిసినవాళ్లు చాలామంది పెదవి విరిచారు. ట్యాక్సీలు నడిపేవాళ్లు మాత్రం రెండు మూడు నెలలు గమనించి, వరసకట్టి కొన్నారు.

అంతకుముందు తెలుగువాళ్లకు ఏడుగురు ఎక్కే బండి అవసరం లేదా అంటే, ఎప్పుడూ ఉంది. తగిన బండే లేదు. తిరుపతికి వెళ్లాలంటే అంబాసిడర్లో వెనక నలుగురు, ముందు డ్రైవరు కాక ఇద్దరు, అందరి ఒళ్లల్లో పిల్లలు. పెళ్లికి తరలివెళ్లాలంటే బజాజ్ టెంపో వాళ్ల మెటడార్. పల్లెల్లో అయితే మహీంద్రా కమాండర్ జీపు, తర్వాత ట్రాక్స్. వాటిలో సీట్లకు లెక్కుండేది కానీ మనుషులకు ఉండేది కాదు. లోపల నిండాక వెనక మెట్టు మీద వేలాడేవాళ్లు, ఆ పైన టాపు. అంబాసిడర్‌ను పక్కన పెడితే ఇవేవీ ఇంటికి కొనుక్కునే బండ్లు కావు, అద్దెకు మాట్లాడుకునేవి. ఆ అలవాటే తర్వాతి కథను నడిపించింది. ఏడు సీట్ల బండితో మధ్యతరగతి ఇంటికి పరిచయం షోరూములో మొదలవలేదు, ట్యాక్సీ స్టాండులో మొదలైంది. కొనాల్సి వచ్చినప్పుడూ చాలామంది చూపు ఆ స్టాండు వైపే పోయింది.

1994లో వచ్చిన టాటా సుమో ఈ దారిలో మొదటి పెద్ద మలుపు. టాటాల వాహన కంపెనీ టెల్కోను తీర్చిదిద్దిన సుమంత్ మూల్గావ్‌కర్ పేరులోంచి తీసిన రెండు ముక్కలే సుమో, జపాన్ మల్లులతో దానికి సంబంధం లేదు. పికప్ ట్రక్కు చట్రం, రెండు లీటర్ల డీజిల్ ఇంజిను, వెనక ఎదురెదురు బెంచీలతో పదిమంది కూర్చునే ఏర్పాటు. మూడేళ్లలో లక్ష బండ్లు అమ్ముడుపోయాయి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల శబరిమల యాత్రలకు, షిరిడీ ప్రయాణాలకు, ఎన్నికల ప్రచారానికి సుమోనే. 1999లో ‘సమరసింహారెడ్డి’ ఆడాక ఊపందుకున్న ఫ్యాక్షన్ సినిమాల్లో అయితే సుమోలు వరసగా దుమ్ము లేపుకుంటూ రావడం, బాంబు పడి గాల్లోకి లేవడం ఓ తంతుగా మారింది. పేల్చడానికి కొత్తబండి ఎవరూ కొనరు కాబట్టి, సెకండ్‌హ్యాండ్ సుమోలకు అదీ ఒక గిరాకీయే అనుకోవాలి. సినిమా ఇచ్చిన ఆ పేరు కుటుంబాలకు మాత్రం అడ్డొచ్చింది. ఇంటిముందు నల్ల సుమో ఆగిందంటే వీధంతా తొంగిచూసే రోజులవి.

క్వాలిస్‌కు ఆ మచ్చ లేదు, ఆ దర్పమూ లేదు. 2.4 లీటర్ల డీజిల్ ఇంజిను, 75 హార్స్ పవర్, టర్బో లేదు. వెనక కమాన్‌పట్టీలు. కాగితం మీద చూస్తే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. దాని బలమంతా ఆ లేమిలోనే ఉంది. కొత్తరకం ఎలక్ట్రానిక్స్ లేకపోవడంతో రోడ్డు పక్క మెకానిక్ చేతికి అందింది. టర్బో లేకపోవడంతో ఇంజిను మీద ఒత్తిడి తక్కువ, ఏళ్ల తరబడి నలిగినా తట్టుకుంది. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో కాల్‌సెంటర్లు పుట్టుకొచ్చాయి. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న మాదాపూర్ చుట్టూ అమెరికా వేళల్లో పనిచేసే కుర్రాళ్లను రాత్రిపూట ఇళ్లనుంచి ఎక్కించుకుని, తెల్లారి దించడం క్వాలిస్ ఉద్యోగమైంది. పగలు విమానాశ్రయం, రాత్రి పికప్‌లు. ఇంజిను చల్లారే సమయమే ఉండేది కాదు.

ఇంత నడుస్తుండగా, 2005లో టయోటా ఆ బండిని ఆపేసింది. అమ్మకాలు పడిపోయి కాదు, బాగా ఉన్నప్పుడే. దాని స్థానంలో ఇన్నోవా వచ్చింది. ఖరీదెక్కువ, 2.5 లీటర్ల టర్బో డీజిల్, 102 హార్స్ పవర్, కారులాంటి కుదురు. కొత్త క్వాలిస్ దొరకనప్పుడు పాత క్వాలిస్ ధర ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మామూలుగా కంపెనీ ఆపేసిన మోడల్‌ను పాతకార్ల వ్యాపారి ముట్టుకోవడానికి జంకుతాడు. క్వాలిస్ విషయంలో అది తిరగబడింది. ట్యాక్సీగా లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిని సైతం రెండో ఓనరు, మూడో ఓనరు వెతుక్కుంటూ వచ్చాడు.

మన ఊళ్లలో పాతకార్ల వ్యాపారికి డీలర్ అన్న పేరు కంటే కన్సల్టెన్సీ అన్న మాటే ఎక్కువ వాడుక. హైవే పక్క రేకుల షెడ్డు, ముందు వరుసగా కడిగి మెరిపించిన బండ్లు, లోపల టేబుల్ మీద సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాల కట్ట. ఏడు సీట్ల బండి కొనడానికి వచ్చిన కుటుంబం ముందు అడిగే ప్రశ్న ఇంజిను గురించి కాదు, ‘ఓన్ బోర్డా, ట్యాక్సీనా?’ అని. పసుపు నంబరు పలకను తెల్లపలకగా మార్చుకోవడానికి చట్టబద్ధమైన మార్గం ఉంది: పర్మిట్ సరెండర్ చేయాలి, పన్ను తేడా కట్టాలి, అప్పుంటే ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోవాలి. పలక మారినంత సులువుగా బండి చరిత్ర మాసిపోదు. అనుభవమున్న మెకానిక్ మీటరు వైపు చూడడు, దాన్ని వెనక్కి తిప్పే చేతులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయని అతనికి తెలుసు. టాపు మీద క్యారియర్ బిగించిన గుర్తులు వెతుకుతాడు. స్పీడ్ గవర్నర్ పీకేసిన చోట వేలాడే వైరు ముక్క చూస్తాడు. మూడో వరుసకు వెళ్లేందుకు మధ్య సీటు మడిచే లీవరు ఎంత అరిగిందో చూస్తాడు. సొంతబండిలో ఆ లీవరు పండక్కోసారి కదులుతుంది, ట్యాక్సీలో రోజుకు పదిసార్లు.

తర్వాతే ఇంజిను. స్టార్ట్ చేసి, నడుస్తుండగానే ఆయిల్ మూత తీస్తాడు. పొగ దట్టంగా తన్నుకొస్తే రింగులు అరిగాయన్నమాట. బానెట్ అంచున, తలుపుల సందుల్లో వెల్డింగ్ చుక్కలు సమంగా ఉన్నాయా, చట్రం మీద ఛాసిస్ నంబరు చుట్టూ ఎవరైనా రుద్దారా, అవన్నీ చూశాక గానీ బేరం మొదలుకాదు.

నంబరు పలక కూడా ఒకప్పుడు చాలా చెప్పేది. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 09 అంటే హైదరాబాదు, 16 అంటే కృష్ణా, 31 అంటే విశాఖ. నంబరును బట్టే బండి ఏ ఊరి రోడ్ల మీద నలిగిందో, ఉప్పుగాలి తగిలిందో లేదో ఊహించేవారు. కోస్తా ఊళ్ల బండి అంటే ముందు కిందికి వంగి తుప్పు చూసుకోవడం అలవాటు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో కొత్త బండ్లకు టీఎస్, 2024 నుంచి టీజీ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లా కోడ్లు తీసేసి అంతటికీ 39 పెట్టింది. రవాణా శాఖకు పని సులువయింది, మెకానిక్‌కు ఒక ఆధారం పోయింది.

క్వాలిస్‌కు పట్టిన యోగం అన్నిటికీ పట్టలేదు. 2004లో జనరల్ మోటార్స్ తెచ్చిన షెవర్లే టవేరాను చూడండి. ఇసుజు పాంథర్ వంశం, మొండి బండి, వెనక సామాన్లకు చోటు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరుచుకున్నాక, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమెరికా వెళ్లే కొడుకును సాగనంపడానికి ఇంటిల్లిపాదీ, 23 కిలోల పెట్టెలతో సహా, అర్ధరాత్రి బయలుదేరేది ఇలాంటి బండ్లలోనే. 2013లో కంపెనీయే 1,14,000 టవేరాలను వెనక్కి పిలిచింది. పొగ ప్రమాణాల పరీక్షల్లో తన ఉద్యోగులు నిబంధనలు తప్పారని ఒప్పుకుంది. 2017 చివరికి ఇండియాలో అమ్మకాలే మానేసింది. స్పేర్ పార్టులు దొరుకుతాయని ఎంత చెప్పినా కొనేవాడి మనసులో బెరుకు పడింది. క్వాలిస్‌ను కంపెనీ ఆపేసినా కంపెనీ ఉంది. టవేరాకు బండీ పోయింది, వెనక నిలబడేవాడూ పోయాడు. పాతబండ్ల బజారు ఈ రెంటికీ తేడా బాగా ఎరుగును. ప్రకటనలు చెప్పని నిజాలు అక్కడి ధరల్లో కనబడతాయి.

ఢిల్లీలో ఇచ్చిన తీర్పులూ తెలుగు ఊళ్ల ధరలను కదిలించాయి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మధ్యలో, 2015 డిసెంబరు నుంచి 2016 ఆగస్టు దాకా, రెండు లీటర్లూ ఆపైన ఉన్న కొత్త డీజిల్ కార్ల రిజిస్ట్రేషనే అక్కడ ఆగిపోయింది. ఇన్నోవా సరిగ్గా ఆ వేటు కింద పడింది. అప్పట్లో అక్కడ ఆయుష్షు తీరిపోయిన బండికి ఇక్కడ ఇంకా ఐదేళ్లు మిగిలుండేవి. అందుకే డీఎల్ నంబరు ఇన్నోవాలు లారీలెక్కి దక్షిణాదికి దిగాయి. ధర చూసి ఎగబడినవాళ్లకు అసలు ఖర్చు తర్వాత తెలిసింది: అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. ఎన్‌ఓసీ చేతికి రాకముందే డబ్బంతా ఇచ్చేసినవాళ్లు నెలల తరబడి బండిని ఇంటిముందు నిలబెట్టుకున్నారు.

కాగితాల దగ్గర మనవాళ్ల ఉదాసీనత పాతదే. యాజమాన్య మార్పిడికి వాడే ఫారం 29, ఫారం 30 సంతకం పెట్టి చేతిలో పెట్టి, బండి తాళాలిచ్చేసి, పని అయిపోయిందనుకోవడం ఎన్నాళ్లుగానో నడిచిన ఆనవాయితీ. కన్సల్టెన్సీవాళ్లకూ అదే లాభం. తమ పేరున మార్చుకోకుండా నేరుగా తర్వాతి కొనుగోలుదారుడి పేరు రాసేయొచ్చు. మోటారు వాహనాల చట్టం చెప్పేది వేరు. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో తన పేరుకు మార్పించుకోవాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఓ కేసులో బండి అప్పటికే ఎన్నో చేతులు మారింది, ప్రమాదం జరిగే నాటికి ఆర్సీలో మాత్రం మొదటి యజమాని పేరే ఉంది. పరిహారం బాధ్యత అతనిదేనని కోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేసిన బండికి, ఎవరో చేసిన ప్రమాదానికి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు ఈ చిక్కును కొంత విప్పాయి: రవాణా శాఖ గుర్తింపు పొందిన డీలరు చేతికి బండి వెళ్లినట్టు ఆన్‌లైన్‌లో నమోదైతే, అమ్ముడయ్యేదాకా బాధ్యత ఆ డీలరుదే. రేకుల షెడ్లలో ఎంతమంది ఆ గుర్తింపు తీసుకున్నారో అడిగి చూడటం కొనేవాడికే మంచిది.

2012 ఏప్రిల్‌లో మారుతి ఎర్టిగా వచ్చినప్పుడు ఈ బజారులోకి కొత్తరకం మనిషి అడుగుపెట్టాడు. ట్రక్కు చట్రం లేదు, కారు ఒళ్లే కాస్త సాగదీశారు. మూడో వరుసలో పెద్దవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చోవాలి, అయినా పార్కింగ్‌లో పడుతుంది, ఇంటి ఆడవాళ్లు కూడా జంకు లేకుండా నడుపుతారు. దాంతో మొదటిసారి ఏడు సీట్లున్న సొంతబండ్లు, ట్యాక్సీ ముఖం చూడనివి, పాతబజారుకు గుంపుగా చేరాయి. అదే దారిలో వచ్చిన హోండా మొబీలియో, రెనో లాజీ నిలదొక్కుకోలేకపోయాయి. ఇవాళ అవి తక్కువకే దొరుకుతాయి, కొన్నాక బంపరు కోసం, లైటు కోసం వెతుకులాట మొదలవుతుంది. మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 ప్రమాణాలు రాగానే డీజిల్ ఇంజిన్లే మానేసింది. కాబట్టి డీజిల్ ఎర్టిగా కావాలంటే ఇక సెకండ్‌హ్యాండ్ తప్ప గతిలేదు.

పదిహేనేళ్లు దాటిన సొంతకారు రిజిస్ట్రేషన్‌ను మళ్లీ పొడిగించుకునే రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలకు పెంచింది. పాత క్వాలిస్ యజమానికి అది చిన్న దెబ్బ కాదు. ఫిట్‌నెస్ పరీక్ష, బీమా, పర్యావరణ పన్ను కలిపితే కొందరికి బండి విలువలో గణనీయమైన వంతు అక్కడే పోతుంది.

అదే ఏడాది ఫిబ్రవరిలో పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో తయారైన కారెన్స్ అమ్మకానికి వచ్చింది. అనంతపురం మట్టి మీద తయారై బయటికి వచ్చిన ఆరేడు సీట్ల కుటుంబపు బండి అది. దాని మొదటి బ్యాచ్ యజమానులు ఇప్పుడిప్పుడే అమ్మడానికి తెస్తున్నారు. టర్బో పెట్రోలు, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఉన్న బండి ముందు ఆయిల్ మూత తీసి పొగ చూసే మెకానిక్ కాస్త ఆలోచనలో పడుతున్నాడు. డ్యాష్‌బోర్డు కింద స్కానర్ తగిలించి, కంప్యూటర్లో దాగిన లోపాల చిట్టా చదివించుకునేదాకా ధర చెప్పడం లేదు.